కోతిటోపీలో ర్యామ్

రామచంద్రపురంలో సూర్యప్రకాశం గారిల్లు ఎక్కడని అడిగితే ఒకప్పుడు "సమాసం మాస్టారిల్లా?" అనేవారు. ఆయన హైస్కూల్లో తెలుగు పండితుడు. మంచినీళ్ళు కావాలన్నా నాలుగు మాటలు కలిపి ఒక్కటి చేసిగాని అడగరు కాబట్టి పిల్లలు ఆ పేరు పెట్టారు. ఆ పిల్లలే పెద్దవాళ్ళై ఊరంతా నిండాక, ఆ పేరు ఊరందరిదీ అయింది. మాస్టారికి అందులో బాధేమీ లేదు. పైకి విసుక్కున్నా, లోపల కాస్త గర్వమే.

బాధంతా ఈమధ్యే మొదలైంది. ఇప్పుడదే ప్రశ్న అడిగితే "ఓ, కంప్యూటరమ్మగారిల్లా? ఆ సందులోనండి" అంటున్నారు. ఒకాయనైతే ఇంకో అడుగు ముందుకేసి, మాస్టారి మొహంలోకే చూసి, "కంప్యూటరమ్మగారి తాలూకా మీరేనాండి?" అని అడిగాడు. భర్తని తాలూకా అనడం ఏ వ్యాకరణంలోనూ లేదు. అయినా మాస్టారు తలూపి ఊరుకున్నారు.

కంప్యూటరమ్మ అంటే ఆయన భార్య మాణిక్యాంబ. కాకినాడలో ఆడవాళ్ళకి పెట్టిన శిక్షణకి వెళ్ళి కంప్యూటరు నేర్చుకుంది. వీధిగదిలో ఒక కంప్యూటరూ, ఒక ప్రింటరూ పెట్టి, శుభలేఖలూ, ఓణీల ఫంక్షన్ల కార్డులూ, ట్యూషన్ సెంటర్ల ప్రశ్నపత్రాలూ వేసిస్తోంది. పని నీటుగా చేస్తుంది, చెప్పిన రోజుకి ఇస్తుంది. దాంతో పొద్దున్న లేచేసరికల్లా అరుగు మీద ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు.

ఆ ఇంట్లో కంప్యూటరుకి జరిగే మర్యాద ఇంకెవరికీ జరగదు. ఉన్న ఫ్యానుల్లో గాలి బాగా వచ్చేది దాని నెత్తిన తిరుగుతుంది. ఆ గదిలోకి చెప్పులతో రాకూడదు, కాఫీ గ్లాసుతో రాకూడదు, తుమ్మొస్తే అరుగు మీదకెళ్ళి తుమ్మి రావాలి. దానికి కుట్టిన ముసుగుకి జరీ అంచు. మాస్టారి లాల్చీకి గుండీ ఊడి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

పైగా ప్రూఫులు దిద్దే పని ఆయనదే. ప్రబంధాలు చెప్పవలసిన నోటితో, పెళ్ళికూతురి పేరులో సున్నా ఉందా లేదా అని రోజూ పెళ్ళివాళ్ళని అడగవలసి వస్తోంది.

అది ఆషాఢమాసం. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు గదా అని మాస్టారు కాస్త ఆశపడ్డారు. శ్రావణంలో పెళ్ళిళ్ళకి కార్డులు కొట్టించేది ఆషాఢంలోనే అన్న సంగతి ఆయనకి తట్టలేదు. ఒక సాయంత్రం స్కూలు నుంచి వస్తూ బజార్లో ఆగి, సంచీ నింపుకుని ఇంటికొచ్చారు.

"మాణిక్యం, కంద తెచ్చాను."

"అక్కడ పెట్టండి." ఆవిడ తెర మీంచి చూపు తిప్పలేదు.

"బచ్చలి కూడా తెచ్చాను."

"దాని పక్కనే పెట్టండి."

"పక్కపక్కన పెడితే కూరైపోతుందా?"

"అవదు. శ్రావణం వెళ్ళాక అవుతుంది."

"అందాకా బచ్చలి ఉంటుందా?"

"మీరుంటారుగా. మళ్ళీ తెద్దురుగాని."

ఆ రాత్రి ఆయన చారన్నం తిన్నారు. మర్నాడు మధ్యాహ్నం క్యారేజీలోనూ చారన్నమే. స్టాఫ్ రూములో పక్కన కూర్చున్న లెక్కల మాస్టారు మణిశంకర్ క్యారేజీ తెరిస్తే గుత్తివంకాయ ఘుమఘుమలాడింది. సూర్యప్రకాశం గారికి లోకం మీద విరక్తి, కంప్యూటరు మీద కక్ష ఒక్కసారే పుట్టాయి.

"మణిశంకరూ, నీకు కంప్యూటరు తెలుసును గదయ్యా. నాలుగు రోజులు అది మూలన పడాలంటే ఏం చెయ్యాలి?"

మణిశంకర్ అటూ ఇటూ చూశాడు. "పాడు చెయ్యక్కర్లేదు మాస్టారూ, పాడైనట్టు కనపడితే చాలు. లోపల ర్యామ్ అని ఒకటుంటుందండి. జేబు దువ్వెనంత ఉంటుంది, పచ్చగా. అది పీకేస్తే కరెంటొస్తుంది, ఫ్యాను తిరుగుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. కుయ్యో కుయ్యోమని అరుస్తుంది. మళ్ళీ పెట్టేస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది."

"రామ్?"

"ర్యామ్ అండి. దాని జ్ఞాపకశక్తి అన్నమాట."

"రాముడు లేని అయోధ్య అవుతుందంటావు. భేష్."

"నా పేరు మాత్రం బయటికి రానివ్వకండి. మీ ఆవిడగారు మా చెల్లెలి పెళ్ళికార్డులు వేస్తున్నారు."

శనివారం మధ్యాహ్నం మాణిక్యాంబ కార్డులు కొనడానికి బజారుకెళ్ళింది. మాస్టారు వీధితలుపు గడియ వేసి, స్క్రూడ్రైవరు పట్టుకుని కంప్యూటరు ముందు కూర్చున్నారు. జన్మలో ఆయన మూత విప్పినవి క్యారేజీ గిన్నెలూ, పొడుం డబ్బాలూను. అలాంటి మనిషి మరలు తీసి, రేకు పక్కకి లాగి, లోపలికి తొంగి చూశారు. పచ్చటి దువ్వెన నిటారుగా నిలబడి ఉంది. రెండు చివళ్ళా క్లిప్పులున్నాయి. నొక్కితే చటుక్కున పైకి లేచింది.

దాన్ని చేతిరుమాల్లో చుట్టి, ఎక్కడ దాచాలా అని ఇల్లంతా తిరిగారు. పప్పుల డబ్బాలో పెడితే పప్పు తీసేటప్పుడు దొరుకుతుంది. దేవుడి గూట్లో పెడితే శుక్రవారం తుడుస్తుంది. చివరికి మంచం కింది ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. అందులో, ఎప్పుడో కాశీ వెళ్ళినప్పుడు కొన్న మంకీ క్యాపు ఉంది. గోదావరి జిల్లాలో, ఆషాఢం ఉక్కపోతలో, మంకీ క్యాపు జోలికి ఎవరు పోతారు? రాముడు కోతిటోపీలో కులాసాగా ఉంటాడని మాస్టారు తనలో తాను నవ్వుకున్నారు కూడా. ఆ నవ్వులో పడి, పెట్టె మంచం కిందికి పూర్తిగా వెళ్ళిందో లేదో చూసుకోలేదు.

సాయంత్రం మాణిక్యాంబ వచ్చి స్విచ్చి నొక్కింది. తెర నల్లగా ఉండిపోయింది. పెట్టె మాత్రం కుయ్యిమంది.

పడక్కుర్చీలోంచి మాస్టారు అమాయకంగా అడిగారు. "ఏంటది, పిట్టా?"

"పిట్ట కాదండి, కంప్యూటరు."

"అలా అరుస్తోందేం?"

"ఏదో చెప్తోంది."

"ఏంటటా?"

"అదే వింటున్నానండి."

ఆవిడ కాసేపు వింది. తీగలన్నీ ఊడదీసి మళ్ళీ పెట్టింది. మూత విప్పింది, చూసింది, మూసింది. తర్వాత లోపలికెళ్ళి ఎవరితోనో ఫోన్లో మాట్లాడింది. ఆవిడ వంటింటి వైపు తిరుగుతుందని మాస్టారు చెవులు రిక్కించి కూర్చున్నారు. కత్తిపీట మీద కంద తెగే చప్పుడు వినడానికి ఆయన సిద్ధంగా ఉన్నారు.

"నిరంజన్‌తో మాట్లాడానండి," అంటూ వచ్చింది మాణిక్యాంబ. నిరంజన్ కాకినాడలో ఆ కంప్యూటరు అమ్మినవాడు, బాగుచేసేవాడూ వాడే. "దుమ్ము వల్ల అలా అవుతుందంట. గదంతా దులపాలి."

"దులుపు."

"నాకు దుమ్ము పడదు గదండీ."

ఆదివారం పొద్దున్నే మాస్టారు తలకి తుండుగుడ్డ చుట్టుకుని గది దులిపారు. బూజు కర్రతో మూలమూలలా గీకారు. బల్ల మీద కుర్చీ వేసుకుని ఎక్కి ఫ్యాను రెక్కలు తుడిచారు. కిటికీ ఊచలు ఒక్కొక్కటీ తుడుస్తుంటే, వీధిలో పోయేవాళ్ళు ఆగి "పండగేంటండీ మాస్టారూ?" అని పలకరించి వెళ్ళారు. అంతా అయ్యాక మాణిక్యాంబ స్విచ్చి నొక్కింది.

కుయ్యి.

ఆవిడ మళ్ళీ ఫోను దగ్గరికెళ్ళి వచ్చింది. "దుమ్ము కాదంట. ఎర్తింగు సరిగా లేదంట. పెరట్లో గొయ్యి తవ్వి, బొగ్గులూ ఉప్పూ వేసి, నీళ్ళు పోసి కప్పాలంట."

"అది కూలివాళ్ళ పని మాణిక్యం."

"ఆదివారం పూట ఎవరొస్తారండీ? పోనీ నేను తవ్వనా? ఇరుగుపొరుగు వాళ్ళందరూ చూస్తుండగా?"

మాస్టారు గునపం పట్టారు. ఒకటి రెండుసార్లు ఆయనకి అనిపించింది, ఇదంతా ఎందుకు, వెళ్ళి ఆ దువ్వెన మళ్ళీ పెట్టేస్తే పోలేదా అని. కానీ ఇంత శ్రమపడి కూర తినకుండా ఓడిపోవడమేంటని పంతం పట్టింది. మోకాలి లోతు తవ్వేసరికి అడుగున నీళ్ళూరాయి. కాలవ ఒడ్డు నేల మరి. మట్టి తీసేకొద్దీ అంచు జారుతోంది, అంచు జారేకొద్దీ మాస్టారూ జారుతున్నారు. చివరికి నడుం వరకూ బురదతో పైకొచ్చారు.

మధ్యాహ్నం విస్తట్లో పెరుగన్నం వచ్చింది.

"చారేది?"

"పొద్దున్నుంచీ దాని చుట్టూ తిరుగుతూంటే చారెక్కడ పెట్టనండీ? బాగైతే పెడతాను."

కంప్యూటరు నడిచిన రోజుల్లో చారైనా ఉండేదని మాస్టారికి అప్పుడు తెలిసొచ్చింది.

అసలు పిడుగు సోమవారం స్కూల్లో పడింది. హెడ్మాస్టారు విష్ణుమూర్తి గారికి బుధవారం పదవీ విరమణ సభ. సన్మాన పత్రం రాసేదీ, చదివేదీ సూర్యప్రకాశం గారే. ఊళ్ళో పెద్దలొస్తున్నారు, విద్యాశాఖ నుంచి అధికారి వస్తున్నారు. "మాస్టారి సన్మాన పత్రం కంప్యూటర్లో వేయించారుట, పువ్వుల అంచుతోట!" అని స్టాఫంతా చెప్పుకుంటున్నారు.

మాస్టారికి అసలు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ పత్రం ఆయన కాగితం మీద రాయనేలేదు. కిందటి వారం వీధిగదిలో పచార్లు చేస్తూ, చేతులూపుతూ గడగడా చెప్పేస్తే మాణిక్యాంబ టైపు చేసేసింది. అది ఆయన నోట్లోంచి నేరుగా ఆ పెట్టెలోకి వెళ్ళింది. తీరిక పీరియడులో గుర్తు తెచ్చుకుందామని కూర్చున్నారు. మొదటి సమాసం సగం దాకా వచ్చింది. మిగతా సగం రామచంద్రపురంలో ఎక్కడా దొరకలేదు.

సాయంత్రం ఇంటికొస్తూనే ట్రంకు పెట్టె లాగారు. మంకీ క్యాపు ఉంది. విదిలించారు. తిరగేశారు. చెయ్యి పెట్టి చూశారు. లోపల ఏమీ లేదు. పెట్టెలో ఉన్నవన్నీ బయట పరిచారు. నాఫ్తలీన్ ఉండ ఒకటి దొర్లుకుంటూ గుమ్మం దాకా పోయి, మాణిక్యాంబ కాలి దగ్గర ఆగింది.

"ఏంటండీ వెతుకుతున్నారు?"

"మంకీ క్యాపు."

"చేతిలో ఉందిగా."

"అవునవును. ఉంది."

"ఆషాఢంలో మంకీ క్యాపేంటి?"

"చెవుల్లో ఏదో గాలి... అది సరే గాని, ఇందులో ఏమైనా పడి ఉండగా చూశావా?"

"ఏది?"

"ఏదో. చిన్నది. పచ్చగా ఉంటుంది."

"తమలపాకా?"

"గట్టిగా ఉంటుంది."

"పచ్చి జామకాయా?"

"ఇంత పొడుగ్గా..."

"బెండకాయ! టోపీలో బెండకాయెందుకు పెట్టారండీ?"

మాస్టారు మంకీ క్యాపు నెత్తిన పెట్టుకుని, వేడిగా ఉందని వెంటనే తీసేశారు.

"అన్నట్టు నిరంజన్ చెప్పాడండి," అంది మాణిక్యాంబ తాపీగా. "ర్యామ్ పోయుంటుందంట."

"పోవడమేంటి? ఎక్కడికి పోతుంది?"

"పోవడమంటే చెడిపోవడమండి. ఎక్కడికైనా వెళ్ళిపోవడానికి దానికేం కాళ్ళున్నాయా? రేపు సెలవు పెట్టి కాకినాడ వెళ్ళి కొత్తది తెండి. మీ హెడ్మాస్టారి పత్రం కూడా అందులోనే ఉంది కదా, పాపం."

మంగళవారం మాస్టారు బస్సులో కాకినాడ వెళ్ళారు. నిరంజన్ ఎదురొచ్చి కుర్చీ వేశాడు, కూల్‌డ్రింకు తెప్పించాడు. "మేడం గారు శనివారం సాయంత్రమే ఫోను చేసి, మీరొస్తారు, ఒక ర్యామ్ తీసి పక్కన పెట్టమన్నారండి. మీకోసమే ఉంచాను."

"శనివారమా?" మాస్టారికి ఆదివారం తవ్విన గొయ్యి కళ్ళ ముందు మెదిలింది. "మరి ఎర్తింగు సంగతి...?"

"ఎర్తింగేంటండి?"

"ఏం లేదు."

"మేడం గారు ఎప్పట్నించో ఇంకో ర్యామ్ వేస్తే పని జోరుగా అవుతుందని అడుగుతున్నారండి. మాస్టారు ఒప్పుకోవట్లేదనేవారు. మొత్తానికి ఒప్పుకున్నారన్నమాట. ఆయ్, చాలా సంతోషమండి."

తిరుగుబస్సులో మాస్టారు కిటికీలోంచి వరినాట్లు చూస్తూ కూర్చున్నారు గాని, ఒక్క నాటూ ఆయన కంట పడలేదు. ఈవిడకి ఎంత తెలుసు, ఎప్పట్నించి తెలుసు అని ఆలోచిస్తూంటే, రామచంద్రపురం దాటి రెండు స్టాపులు ముందుకు పోయారు.

ఇంటికొచ్చేసరికి పెరట్లో తను తవ్విన చోట ఒక కరివేపాకు మొక్క నవనవలాడుతూ కనిపించింది.

"ఎర్తింగు గోతిలో మొక్కేంటి?"

"ఎర్తింగు నిలబడాలంటే వేళ్ళుండాలి గదండీ," అంది మాణిక్యాంబ. "ముందు టార్చి పట్టుకోండి."

ఆవిడ మూత విప్పింది. కొత్త ర్యామ్ నొక్కి పెట్టింది. మాస్టారు టార్చి వేసి లోపలికి చూశారు. పచ్చటి దువ్వెనలు రెండు, పక్కపక్కన, అన్నదమ్ముల్లా నిలబడి ఉన్నాయి.

"ఇదేంటి, రెండున్నాయి?" నోరు జారేసింది.

మాణిక్యాంబ తలెత్తింది. "ఎన్నుండాలండీ?"

"అబ్బే. నాకేం తెలుసు."

"ముందు ఎన్నుండేవండీ?"

"నేనెప్పుడు చూశాననీ?"

"అదే గదండీ. మీరెప్పుడు చూస్తారు." ఆవిడ మూత బిగించి స్విచ్చి నొక్కింది. తెర కళకళలాడుతూ వెలిగింది. ఇదివరకు ఊసురోమంటూ లేచే కంప్యూటరు, ఇప్పుడు ఒక్క గంతులో లేచి కూర్చుంది. సన్మాన పత్రం భద్రంగా ఉంది. ఒకసారి చదువుకుందామని మాస్టారు కుర్చీ జరుపుకునేలోపు కరెంటు పోయింది.

"రేపు పొద్దున్న ప్రింటు తీసి నేనే సభకి తెస్తానులెండి," అంది మాణిక్యాంబ చీకట్లోంచి.

బుధవారం స్కూలు ఆవరణలో షామియానా వేశారు. పూలదండలతో విష్ణుమూర్తి గారు కొత్త పెళ్ళికొడుకులా కూర్చున్నారు. అధికారి గారు మాట్లాడారు, ఊరి పెద్దలు మాట్లాడారు, "ఇప్పుడు సూర్యప్రకాశం గారు సన్మాన పత్రం చదువుతారు" అని మైకులో పిలిచేశారు. సరిగ్గా అప్పుడే మాణిక్యాంబ గబగబా వచ్చి, ఎర్ర రిబ్బను కట్టిన కాగితం చుట్ట ఆయన చేతిలో పెట్టి, వెళ్ళి హెడ్మాస్టారి భార్య సుభద్రమ్మ గారి పక్కన కూర్చుంది.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. తన పదాలు తనకి ఎదురొచ్చేసరికి పాత చుట్టాలని చూసినట్టయింది. గొంతు లేచింది, చెయ్యి లేచింది. ఒక్కో సమాసానికీ చప్పట్లు పడ్డాయి. ఆఖరి పేరాకి వచ్చేసరికి ఆయన కళ్ళు అరమూతలు పడి, నోరు దానంతటది ప్రవహిస్తోంది.

"ఛాత్రజనహృదయపీఠాధిష్ఠితులును, కర్తవ్యనిష్ఠాగరిష్ఠులును అగు తమ సాన్నిధ్యమున, గృహలక్ష్మి గృహమున లేని తరుణము జూచి, యంత్రపేటికాపిధానమును విప్పి, తదంతర్గతస్మృతిఖండమును వానరశిరస్త్రాణమున దాచిన..."

ఇక్కడ మాస్టారి కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. కానీ తెలుగు వాక్యంలో క్రియ చివరికిగాని రాదు. అది వచ్చేదాకా ఆగడానికి వీల్లేదు. పాతికేళ్ళుగా పిల్లలకి ఆయనే చెప్పిన పాఠం. సభంతా ఊపిరి బిగబట్టి ఆ క్రియ కోసం ఎదురుచూస్తోంది. మాస్టారు ముందుకే పోయారు. గొంతు మాత్రం కాస్త తగ్గింది.

"...దాచిన యీ సూర్యప్రకాశనామధేయుడు, ఇకపై నట్టి దుశ్చేష్టకు పాల్పడక, ప్రత్యుషస్సునను స్వహస్తములతో కాఫీ గలిపి అర్ధాంగికి సమర్పింతునని సభాముఖమున ప్రతిజ్ఞ చేయుచున్నాడు."

షామియానా ఎగిరిపోయేలా చప్పట్లు. మగవాళ్ళలో సగం మంది అది ఏ ప్రబంధంలోదో అనుకున్నారు. ఆడవాళ్ళకి మాత్రం కాఫీ అన్న మాట స్పష్టంగా వినిపించింది. మణిశంకర్ కుర్చీలోంచి లేచి, కూజా దగ్గరికి వెళ్ళి, అక్కడే ఉండిపోయాడు. అధికారి గారు మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపుతూ, "ఎంత వినయమండీ మీది!" అన్నారు. విష్ణుమూర్తి గారు కళ్ళు తుడుచుకున్నారు.

తర్వాత, మాణిక్యాంబ విడిగా ప్రింటు తీసి అద్దం కట్టించిన పత్రం హెడ్మాస్టారికి బహూకరించారు. మాస్టారు గుండె చిక్కబట్టుకుని తొంగి చూశారు. అందులో ఆ వాక్యం లేదు. పువ్వుల అంచు మధ్య ఆయన చెప్పిందే, ఆయన చెప్పినట్టే, ఒక్క తప్పు లేకుండా ఉంది. ఆయన చేతిలో ఉన్న కాగితం కోసం చూసుకుంటే, అది అప్పటికే మాణిక్యాంబ సంచీలోకి వెళ్ళిపోయింది.

జనం కదులుతుంటే సుభద్రమ్మ గారు వాళ్ళిద్దరి దగ్గరికి వచ్చారు. "అమ్మా మాణిక్యాంబా, రేపట్నుంచి మా ఆయన పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటారు. సభలో చదివించావే, అలాంటి ప్రతిజ్ఞ మా ఆయనకి కూడా ఒకటి వేసిచ్చెయ్. కాఫీతో పాటు బట్టలారేయడం కూడా ఉండాలి సుమా."

"దానికేమండీ, తప్పకుండా," అంది మాణిక్యాంబ. తర్వాత మాస్టారి వైపు తిరిగింది. "ఏవండీ, బట్టలారేయడాన్ని సంస్కృతంలో ఏమంటారు?"

మాస్టారు ఉత్తరీయం సర్దుకుని, ఎవరికీ వినపడకుండా చెప్పారు.

"వస్త్రప్రసారణం."